భూమి ఎవరిదో ఎవరు రుజువు చేయాలి?

హైదరాబాద్ చుట్టూ రీజినల్ రింగ్ రోడ్డు వేయాలని నిర్ణయించాక సంగారెడ్డి నుంచి తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా ఊరూరా ఒకటే వెతుకులాట. గెజిట్‌లో తమ సర్వే నంబరు ఉందా, ఉంటే పక్కన ఎవరి పేరు ఉంది? రోడ్డు వద్దనే పోరాటం ఒకవైపు నడుస్తుండగానే, పోయే భూమి తమదేనని నిరూపించుకునే పోరాటం ఇంకోవైపు మొదలవుతుంది. కాలువలకూ రిజర్వాయర్లకూ భూములిచ్చిన పల్లెలన్నీ ఇదే దారిలో నడిచి వచ్చినవి.

ఇక్కడ వాదించుకుంటున్న ఇద్దరూ కల్పిత వ్యక్తులు. ఒకరు భూసేకరణ విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరైన తహసీల్దారు. మరొకరు రైతుల తరఫున నష్టపరిహారం కేసులు నడిపే వకీలు. వాళ్ల వాదనలు మాత్రం ఏ అవార్డు విచారణకు వెళ్లినా వినపడేవే.

తహసీల్దారు: ముందు ఒక మాట అనుకుందాం అమ్మా. నష్టపరిహారం జనం సొమ్ము. 2013 భూసేకరణ చట్టం వచ్చాక పల్లెల్లో భూమి విలువను ఒకటి నుంచి రెండు రెట్ల దాకా పెంచి, దాని మీద నూటికి నూరు సొలేషియం కలిపి ఇస్తున్నాం. జాతీయ రహదారికి 1956 చట్టం కింద తీసుకున్నా 2015 నుంచి లెక్క ఇదే. ఇంత డబ్బు తప్పు మనిషి ఖాతాలో పడితే తిరిగి రాదు. అప్పులు తీరిపోతాయి, పెళ్లిళ్లు అయిపోతాయి. అసలు హక్కుదారు కోర్టు డిక్రీతో వచ్చేసరికి అక్కడ వసూలు చేయడానికి ఏమీ మిగలదు. అందుకే భూమి నాదన్నవాళ్లే రుజువు చూపాలి. నేను పని చేసినన్నాళ్లూ దీన్నే పాటించాను.

వకీలు: అమ్మడానికి వచ్చినవాణ్ని కాగితం అడిగితే ఎవరూ తప్పుపట్టరు సార్. మా రైతు అమ్మడానికి రాలేదే. వద్దు మొర్రో అంటుంటే మీరే వచ్చి తీసుకుంటున్నారు. తీసుకునేది మీరు, ధర కట్టేది మీరు, హక్కు ఎవరిదో తేల్చేదీ మీరే. ఆ హక్కు రాసి ఉన్న రికార్డు కూడా మీ ఆఫీసు బీరువాలోనే ఉంది. ఇన్నీ మీ చేతిలో పెట్టుకుని, రుజువు చేసే బరువు మాత్రం రైతు నెత్తిన పెడతారా?

తహసీల్దారు: రికార్డు మా దగ్గర ఉన్నంత మాత్రాన మేమే హక్కుదారును తయారు చేయలేం కదా. తెలంగాణలో ఏ భూమి చరిత్రనైనా 1954-55 ఖాస్రా పహాణీ నుంచి పట్టుకొస్తాం. ఆ తర్వాత చెస్సల పహాణీ, ఏటేటా రాసిన పహాణీలు, కొంటే రిజిస్టర్డ్ దస్తావేజు, చనిపోతే విరాసత్, వీటి ప్రకారం మ్యుటేషన్, చివరికి పాస్‌బుక్కు. ఈ వరుస తెగకుండా ఉంటే ఒక్కరోజులో అవార్డులో పేరు రాస్తాం. మధ్యలో ఎక్కడో తెగితే, తెగిన చోట ఏం జరిగిందో చెప్పాల్సింది ఆ కుటుంబమే.

వకీలు: తెగిన చోట ఏం జరిగిందో చెప్తాను వినండి. 40 ఏళ్ల కింద ఒకాయన తన ఊరి పట్టాదారు దగ్గర రెండెకరాలు కొన్నాడు. తెల్లకాగితం మీద రాసుకున్నారు, పెద్దమనుషులు సంతకాలు చేశారు, డబ్బు చేతులు మారింది. సాదాబైనామా అంటే అంతే. రిజిస్ట్రేషన్‌కు పట్నం పోవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఖర్చు పెట్టే స్తోమతా లేదు. అప్పటి నుంచి కాస్తు ఆయనదే. పహాణీలో పట్టాదారు గడిలో పాత పేరు ఉన్నా, అనుభవదారు గడిలో ఏటా ఆయన పేరే రాశారు. 2017లో మొదలైన రికార్డుల ప్రక్షాళన తర్వాత, ధరణి పోర్టల్ వచ్చేసరికి, ఆ అనుభవదారు గడే లేకుండా పోయింది. ఇప్పుడు రోడ్డు వచ్చింది. పాత పట్టాదారు కొడుకులు పాస్‌బుక్కు పట్టుకుని మీ ముందు నిలబడ్డారు. మీరు చెప్పిన వరుస వాళ్లదే సరిగ్గా ఉంది. న్యాయం ఎవరిది?

తహసీల్దారు: మీరు చెప్పిన మనిషి విషయంలో న్యాయం ఆయనదే. కానీ ఆ అనుభవదారు గడిని మీరు అంత గొప్పగా చూడొద్దు. అది ఒకప్పుడు పట్వారీ కలం కింద ఉండేది. 1984లో ఆ వ్యవస్థను రద్దు చేశారంటే ఊరికే చేయలేదు. దొర చెప్పిన పేరు రాయడం, పేదవాడి పేరు కొట్టేయడం, దున్నని వాణ్ని దున్నినట్టు చూపడం, ఇవన్నీ ఆ గడిలోనే జరిగాయి. బలం ఉన్నవాడు నోటిమాటతోనే గెలుస్తాడమ్మా. కాగితం కావాల్సింది బలం లేనివాడికే. రుజువు విషయంలో నేను మెత్తబడితే ముందు లాభపడేది మీ రైతు కాదు, రోడ్డు ఎటు పోతుందో ముందే తెలుసుకుని పాత తేదీతో కాగితాలు పుట్టించే రియల్ ఎస్టేట్ మనిషి.

వకీలు: ఆ భయం నాకూ ఉంది. అందుకే నేను అడిగేది ఏ కాగితమైనా ఒప్పుకోమని కాదు. అది ఎప్పుడు పుట్టిందో చూడమంటున్నాను. భూసేకరణ మాట వినపడకముందే, గొడవకు కారణమే లేని రోజుల్లో రాసిన కాగితం అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. పాత నీటి తీరువా రసీదు, సొసైటీలో తీసుకున్న పంట రుణం, మార్కెట్ యార్డులో పత్తి అమ్మినప్పుడు ఇచ్చిన తక్‌పట్టీ, కరెంటు మోటరు కనెక్షన్, 20 ఏళ్ల పహాణీ నకళ్లు. వీటిలో ఏ ఒక్కటీ హక్కు పత్రం కాదు, నాకు తెలుసు. కానీ వేర్వేరు ఆఫీసుల్లో, వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు చేతులు రాసినవన్నీ ఒకే మనిషిని ఒకే చెలకలో చూపిస్తుంటే, దాన్ని సాక్ష్యం కాదని ఎలా అంటారు? 30 ఏళ్లు దాటిన పత్రం, ఉండాల్సిన చోటు నుంచే బయటికి వస్తే, దాని సంతకాలను కోర్టు నమ్మవచ్చని సాక్ష్యాల చట్టమే చెప్పింది.

తహసీల్దారు: దానికి ఒప్పుకుంటాను. నోటిఫికేషన్ తర్వాత పుట్టిన కాగితాన్ని మేమూ పక్కన పెడతాం. 2013 చట్టం 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక ఆ భూమి మీద లావాదేవీలే కుదరవు. కానీ ఒక చిక్కుంది. సాదాబైనామాను చూసి నేను హక్కు తేల్చలేను. ఆ అధికారం నాది కాదు. క్రమబద్ధీకరణ జరిగి 13-బి సర్టిఫికెట్ ఉంటే అది వేరే సంగతి.

వకీలు: ఆ సర్టిఫికెట్ కోసం 2020లో లక్షల మంది దరఖాస్తు పెట్టుకున్నారు సార్. అదే ఏడాది వచ్చిన కొత్త చట్టంలో సాదాబైనామాలకు చోటు లేకపోయేసరికి హైకోర్టులో ఆగిపోయాయి. అదే చట్టం రెవెన్యూ కోర్టులనూ ఎత్తేసింది. రికార్డులో తప్పు పడిందంటే పేదవాడు సివిల్ కోర్టు మెట్లెక్కాల్సిందే. 2025లో భూభారతి చట్టం వచ్చి అప్పీలు దారి మళ్లీ తెరిచింది, పాత సాదాబైనామా దరఖాస్తులకూ దారి చూపింది. నడుమ గడిచిన ఆ ఏళ్లలో భూసేకరణలో భూమి పోయినవాడికి ఏం చెప్తారు? దరఖాస్తు పెట్టాడు, జవాబు రాలేదు. జవాబివ్వనిది సర్కారు. ఆ ఆలస్యాన్ని చూపించి అదే సర్కారు ఆయన డబ్బు ఆపుతుంది.

ఇంకో సంగతి. భూమి కొనేటప్పుడు మీ రికార్డును నమ్ముకుని మోసపోయామని ఎవరైనా వస్తే సర్కారు ఏమంటుంది? మ్యుటేషన్ శిస్తు వసూలు కోసమే తప్ప దానితో హక్కు రాదంటుంది. సుప్రీంకోర్టు కూడా చాలా తీర్పుల్లో అదే చెప్పింది. మన దేశంలో సర్కారు ఏ రైతుకూ హక్కుకు హామీ ఇవ్వదు. అదే సర్కారు భూమి తీసుకునేటప్పుడు మాత్రం రికార్డులో పేరు లేదు కాబట్టి నీకేమీ రాదంటుంది. నష్టం వస్తే హామీ లేని రికార్డు, పరిహారం ఇవ్వాల్సి వస్తే తిరుగులేని రికార్డా?

తహసీల్దారు: ఈ మాటకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. కానీ ఎంట్రీ తప్పని రుజువయ్యేదాకా నిజమనే అనుకోవాలని 1971 ఆర్‌ఓఆర్ చట్టం చెప్పింది. అధికారి ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా. రికార్డుతో మొదలుపెట్టకపోతే ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లదవుతుంది.

వకీలు: మొదలుపెట్టండి, అక్కడే ఆగిపోకండి అంటున్నాను. పార్లమెంటుకు ఈ రికార్డుల సంగతి తెలుసు. అందుకే 2013 చట్టంలో ఒక బాధ్యత రాసింది. ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చాక, డిక్లరేషన్‌కు ముందు, కలెక్టర్ రెండు నెలల్లో ఆ భూముల రికార్డులను సరిచేసి తాజా చేయాలి. బాధ్యత రైతుది అనలేదు, కలెక్టర్‌ది అంది. మోకా మీదికి పోయి, ఎవరు కాస్తులో ఉన్నారో, చనిపోయిన పట్టాదారు వారసులెవరో, హద్దులెక్కడో చూసి రాయాల్సిన పని అది. అది సరిగ్గా జరిగితే అవార్డు విచారణలో సగం గొడవలు ఉండవు.

తహసీల్దారు: చట్టంలో రెండు నెలలని రాయడం సులువే. 70 ఏళ్ల చిక్కుముళ్లను, ఉన్న ఇద్దరు సర్వేయర్లతో, రెండు నెలల్లో ఎవరు విప్పగలరు? ఒక సర్వే నంబరు తీసుకోండి. రికార్డు ప్రకారం పదెకరాలు ఉంటుంది. బై నంబర్ల పాస్‌బుక్కులన్నీ కలిపితే పదెకరాల 20 గుంటలు తేలుతుంది. ఆ 20 గుంటలు ఎవరి దగ్గర ఎక్కువ పడ్డాయో తేలాలంటే పాత కొలతల టిప్పన్ తీయాలి, గొలుసు పట్టాలి, అందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు ఒప్పుకోకపోయినా ఆగిపోతుంది.

వకీలు: మీకు రెండు నెలలు చాలకపోతే, అభ్యంతరం చెప్పడానికి రహదారి చట్టం రైతుకిచ్చే 21 రోజులు ఎలా చాలతాయి సార్? మీ చేతిలో సర్వేయర్లున్నారు, రికార్డు గది ఉంది. ఆయన నకలు కోసం దరఖాస్తు పెట్టి తిరగాలి. పైగా మీరు చెప్పిన ఆ 20 గుంటల తేడాకే కదా మొత్తం సర్వే నంబరును వివాదాస్పద భూముల జాబితా పార్ట్-బీలో పడేసింది? తేడా 20 గుంటలదైతే వివాదం ఆ 20 గుంటలదే. మిగతా భూమికి డబ్బెందుకు ఆపాలి?

తహసీల్దారు: ఆపకూడదు. ఈ విషయంలో నేను మీవైపే. వివాదం ఎంత మేరకు ఉందో అంతవరకే పక్కన పెట్టి, మిగతాది చెల్లించాలి. అలా చేయని చోట భయం తప్ప వేరే కారణం ఉండదు. రేపు ఆడిట్‌లో ప్రశ్న వస్తే సంతకం పెట్టినవాడే జవాబు చెప్పుకోవాలి. ఆపినందుకు ఏ అధికారినీ ఎవరూ అడగరు, ఇచ్చినందుకే అడుగుతారు.

కానీ ఇప్పుడు నా మాట వినండి. కాగితం అడగడం ఎవరిని కాపాడుతుందో చెప్తాను. తండ్రి చనిపోగానే అన్నదమ్ములు విరాసత్ తమ పేర్ల మీద చేయించుకుంటారు. అక్కాచెల్లెళ్ల పేర్లుండవు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇస్తూ 1986లోనే మన రాష్ట్రం చట్టం తెచ్చింది, 2005లో దేశమంతా వచ్చింది. 40 ఏళ్లయినా విచారణలో ఆడపిల్లలు ఎక్కడో వెనక నిలబడతారు. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెమ్మని నేను పట్టుబడితేనే ఆ పేర్లు బయటికి వచ్చేవి. పసుపు కుంకుమ కింద కూతురికి ఎకరం ఇచ్చామంటారు, రాత ఉండదు, ఉన్నా రిజిస్టర్ కాదు. ఆ ఎకరానికి పరిహారం వచ్చే రోజున అన్నలు గుర్తు లేదంటారు. ఆ అమ్మాయికి నోటిమాట అన్నం పెట్టిందా?

వకీలు: పెట్టలేదు. అక్కడ మీ పట్టుదలకు నేను దండం పెడతాను. అసైన్డ్ భూముల్లో నేనే మీకన్నా కఠినంగా మాట్లాడతాను. భూమిలేని దళిత కుటుంబానికి సర్కారు ఇచ్చిన భూమిని పెద్దమనిషి ఎవరో చవగ్గా రాయించుకుని, నష్టపరిహారం నాకే రావాలంటాడు. ఆ అమ్మకం చెల్లదని 1977 చట్టం చెప్పింది. అక్కడ కాస్తు నాదన్న మాట వినకూడదు, పట్టా ఎవరికి ఇచ్చారో ఆ పేరే చూడాలి. అయితే మీ ఆఫీసులు చాలాకాలం ఇంకో మాట కూడా అన్నాయి. అసైన్డ్ భూమి సర్కారుదే, కాబట్టి పేదవాడికి ఏదో కొంత ఇస్తే చాలని. చేవెళ్ల ఆర్డీవో కేసులో 2004లో ఏడుగురు జడ్జీల ధర్మాసనం, పట్టాదారుతో సమానంగా ఇవ్వాల్సిందేనని తేల్చేదాకా ఆ మాట ఆగలేదు.

తహసీల్దారు: చూశారా, అసైనీ కోసమైతే మీరూ కాగితమే ముఖ్యమన్నారు. సాదాబైనామా రైతు కోసమైతే కాస్తు ముఖ్యమన్నారు. ఒక సూత్రం లేకుండా అధికారి ఎలా నడవాలి?

వకీలు: సూత్రం ఉంది. ఎవరి బతుకు ఆ భూమి మీద ఆధారపడి ఉందో వాళ్లను వెతికి పట్టుకోవడానికే రుజువు. కాగితం దారి చూపితే కాగితం, కాస్తు దారి చూపితే కాస్తు. ఇది నా సొంత కవిత్వం కాదు. 2013 చట్టం భూ యజమానినే కాదు, ఆసక్తి ఉన్న వ్యక్తినీ బాధిత కుటుంబాన్నీ విడివిడిగా నిర్వచించింది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలుదారూ వ్యవసాయ కూలీ కూడా బాధిత కుటుంబమే. జీవో 123 పేరుతో సర్కారు పట్టాదారుల నుంచి నేరుగా కొనుక్కుంటూ పోయినప్పుడు కోర్టుకు వెళ్లింది కూలీలు. 2016 ఆగస్టులో సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేసింది వాళ్ల పిటిషన్ మీదే.

ఇక కౌలుదారును రుజువు అడగండి చూద్దాం. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్లకు 38-ఈ సర్టిఫికెట్లతో యాజమాన్యం వచ్చింది. ఆ భయంతో ఇవాళ్టికీ ఏ పట్టాదారూ కౌలు కాగితం రాసివ్వడు. రాత లేకుండా ఉంటేనే భూమి ఇస్తానన్న చోట రాత తెమ్మంటే ఎక్కడి నుంచి తెస్తాడు? ఎరువుల దుకాణం బిల్లూ పొరుగు రైతుల వాంగ్మూలమూ తప్ప ఆయనకు ఏముంటాయి?

తహసీల్దారు: పంచనామా ఉంటుంది. నోటిఫికేషన్ రాగానే గిర్దావర్ ఊళ్లోకి పోయి, గ్రామసభ ముందు, ఏ నంబరులో ఎవరు దున్నుతున్నారో పంట నిలబడి ఉన్నప్పుడే రాసుకుంటే అది దుకాణం బిల్లుకన్నా గట్టిది. ఊరంతా చూస్తుండగా అబద్ధం చెప్పడం కష్టం. అది చేయాల్సింది మేమే, ఒప్పుకుంటాను. కానీ హక్కు గొడవ ఎంతకీ తెగనప్పుడు అధికారి జడ్జి కాలేడు, ఆ హద్దు దాటించకండి.

వకీలు: దాటమనడం లేదు. మీరు తేల్చలేనిది ఉంటే డబ్బును డిపాజిట్ చేసి వివాదాన్ని పైకి పంపాలి. 2013 చట్టంలో అథారిటీకి, రహదారి చట్టంలో జిల్లా సివిల్ కోర్టుకు. ముఖ్యంగా సర్కారే ఆ భూమి నాదని ఎదురు తిరిగిన చోట. పాత పహాణీలో ఎక్కడో సర్కారీ అని ఒక ముక్క కనపడుతుంది, మూడు తరాలుగా దున్నుతున్నా క్లెయిం కొట్టేస్తారు. తన కేసులో తనే తీర్పు చెప్పుకోవడం ఎవరికి తగదో అధికారికీ తగదు. రుజువు లేదని చెప్పి సున్నా రాయడం వేరు, రుజువు తేలేదాకా సొమ్మును భద్రంగా ఉంచడం వేరు. డిపాజిట్ చేస్తే సర్కారు మీద వడ్డీ భారమూ ఆగుతుంది. చేయకుండా భూమి స్వాధీనం చేసుకుంటే మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత 15 శాతం కట్టాలి.

తహసీల్దారు: సరే, మీ రైతులకు నా తరఫున ఇవి చెప్పండి. ఊరి మీదుగా రోడ్డు పోతుందన్న మాట వినగానే ఖాస్రా నుంచి ఇప్పటిదాకా పహాణీల సర్టిఫైడ్ నకళ్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకోవాలి. తండ్రి పేరున ఉంటే విరాసత్ చేయించుకోవాలి, అక్కాచెల్లెళ్ల పేర్లతో సహా. విస్తీర్ణం తేడా ఉంటే కొలతకు దరఖాస్తు పెట్టాలి. అభ్యంతరం నోటితో చెప్పి రావద్దు, రాసిచ్చి ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. చేనులోని బోరు, చెట్లు, పైపులైను కూడా అందులోనే రాయాలి. డబ్బు తీసుకునేటప్పుడు ధర మీద అసంతృప్తి ఉంటే, అభ్యంతరంతో తీసుకుంటున్నానని రాయాలి. 2013 చట్టం కింద పోయిన భూమికైతే, అది రాయకుండా తీసుకుంటే ఎక్కువ కోసం అథారిటీకి పోయే హక్కు పోతుంది. అవార్డు ప్రకటించినప్పుడు ఎదుట ఉన్నవాళ్లకు అలా పోవడానికి గడువు ఆరు వారాలే.

వకీలు: తప్పకుండా చెప్తాను. మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు మీరూ నా తరఫున చెప్పండి. నోటిఫికేషన్ పరిధిలోని ఊళ్లకు నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. ఏ నంబరుకు ఎవరి పేరు రాస్తున్నారో పంచాయతీ గోడమీద ముందే అంటించాలి. ఒక క్లెయిం కొట్టేస్తే ఎందుకు కొట్టేశారో రాసి ఇవ్వాలి, ఆ కాగితం ఉంటేనే మేం పైకి పోగలం.

తహసీల్దారు: వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. ఇన్నీ చేశాక కూడా తేలనివి ఉంటాయమ్మా. అప్పుడు నష్టం ఎవరు భరించాలి? నేను ఇప్పటికీ జనం సొమ్ము జాగ్రత్త అంటాను.

వకీలు: నేను ఇప్పటికీ తీసుకున్నవాడే భరించాలంటాను. ఊరి అవసరం కోసం, దేశం అవసరం కోసం అని చెప్పి తీసుకున్న భూమి అది. ఆ రోడ్డు మీద తిరిగేది మనమంతా. రికార్డు తప్పుగా ఉన్న నష్టాన్ని మనమంతా కలిసి పంచుకుంటే ఒక్కొక్కరి మీద పడేది పైసా. ఆ భారమంతా ఒక్క రైతు మీద వేస్తే ఆయనకు పోయేది బతుకు. జనం సొమ్ము కాపాడాలన్న మీ మాట నిజమే సార్. చెలక పోగొట్టుకుని మీ ముందు నిలబడిన ఆ మనిషి కూడా ఆ జనంలో ఒకడే.